మూడో పంపు గారూ, వాన వస్తోంది

సోమవారం

పంపు మామూలు. నీళ్ల ఒత్తిడి మామూలు. బేరింగు చేతికి కాస్త వెచ్చగా తగిలింది.

ఆట దిగింది.

దిగింది అనే ఇక్కడ అందరం అంటున్నాం, ఎందుకంటే అది చుక్క చుక్కగానే దిగింది. భూమి నుంచి వచ్చే లైనులో ముందు కంపెనీ సమాచారం వస్తుంది, తర్వాత మందుల వివరాలు, ఆ తర్వాత ఉత్తరాలు. మిగిలిన సందులోంచి 'ఎర్రమట్టి దారి' ఆట రెండో భాగం నెలల తరబడి కారుతూ వచ్చి నిన్నటికి నిండింది. పొద్దున మస్టరు దగ్గర హాజరు పిలవడం అయ్యాక ఓవర్‌మన్ రాజేశం సారు చెప్పాడు.

"ఆట దిగింది. ఎప్పటి లెక్కనే, పోస్టుకు ఒక్కటి. కొట్లాడుకున్నరంటె పెట్టె తీస్కపోయి స్టోర్ల పెడ్త. మల్ల నన్ను అనొద్దు."

ఆట ఆడే పెట్టెను కంపెనీ మనిషికొకటి ఇవ్వలేదు, పోస్టుకో పెట్టె ఇచ్చింది. మూడో పంపు పోస్టులో మేం ఇద్దరం. మొదటి షిఫ్టు నాది, రెండో షిఫ్టు సుగుణది. నేను పంపు దగ్గర ఉన్నప్పుడు ఆమె విశ్రాంతి హాల్లో ఆడుతుంది. ఆమె పంపు దగ్గర ఉన్నప్పుడు నేను ఆడతాను. ఇద్దరికీ కలిపి ఒకటే వీరుడు. మొదటి భాగం మొదలుపెట్టిన రోజు పేరు కొట్టమని అడిగితే ఎవరి పేరు పెట్టాలో తోచక పోస్టు పేరే కొట్టాను. అందుకని ఆటలోని ఎర్ర గ్రహం మీద రాజులూ, దొంగలూ, పూటకూళ్ల ముసలమ్మా అందరూ మా వాడిని 'మూడో పంపు గారూ' అనే పిలుస్తారు. పట్టాభిషేకం రోజున కూడా అలాగే పిలిచారు. సుగుణ చాలా రోజులు నవ్వింది.

సుగుణ పగలంతా నిద్రపోయింది, పెట్టె మొదట తెరిచింది నేనే. ఈ భాగంలోకి పాత వీరుణ్ని తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్నాను. ఎడమ భుజం మీది మచ్చతో సహా వచ్చాడు.

మొదటి భాగంలో ఈటె చెయ్యి ఎటు తిప్పితే అటు తిరిగేది. ఇందులో దానికి బరువు పెట్టారు. ఎత్తాక దించడానికి ఒక లిప్త పడుతుంది, ఆ లిప్తలోనే ఇసుక మొసలి కరుస్తుంది. రెండుసార్లు చచ్చాను. అయినా నచ్చింది. రోజంతా బరువైన పానాలు పట్టే చేతికి ఈటె తేలిగ్గా ఉంటేనే అబద్ధంలా అనిపిస్తుంది.

పెద్ద మార్పు తూనీగ. అరచేతి అంత ఎగిరే యంత్రం, మొదటి నుంచీ వీరుడి ముందు ఎగురుతూ దారి చూపేది. అప్పుడు అది మూగది. ఇప్పుడు మాట్లాడుతోంది. మనం కూడా మీట నొక్కి కాదు, నోటితో జవాబు చెప్పాలి.

"చాలా కాలానికి వచ్చారు, మూడో పంపు గారూ. బాగున్నారా?" అంది.

"సరే" అన్నాను.

ఆపేముందు వీరుణ్ని ఒక పశువుల కొట్టంలో నిలబెట్టి నీళ్ల తిత్తి నింపాను. అది మా బాయి పద్ధతి. మా తాతలు గోదావరి పక్కన బొగ్గు బాయిల్లో దిగినవాళ్లు, మేం భూమికి ఇంత దూరాన ఇక్కడ మంచు బాయిలో దిగుతున్నాం. పోస్టు దిగే మనిషి ఎక్కే మనిషికి మూడు మాటలు చెప్పాలి: "నీళ్లు నింపిన. పైకప్పు చూసిన. ఇగ నువ్వు కూసో." ఎక్కే మనిషి, "చూసుకుంట, నువ్వు పైలంగ పో" అనాలి. వచ్చేవాళ్ల కోసం తాగే సీసా నింపి ఉంచాలి. తల మీది మంచును కర్రతో తట్టి చప్పుడు విని ఉండాలి. ఇది ఛార్జి చెప్పడం. చెప్పకుండా ఎవరూ పోస్టు వదలరు. ఆటలోనూ సుగుణ కోసం నేను, నా కోసం సుగుణ తిత్తి నింపే దిగుతాం.

మంగళవారం

పంపు మామూలు. బేరింగు నిన్నటిలాగే.

పెట్టె తెరిచేసరికి మా వాడి ఒంటి మీద ఎర్ర శాలువా ఉంది. డాలు లేదు. సంచిలో చూశాను, అక్కడా లేదు. సుగుణ డాలు అమ్మి శాలువా కొన్నది. ఒక తుప్పు దొంగల ముఠాను కూడా తరిమేసింది. దాని గుర్తుగా మా వాడికి కొత్త గాటు పడింది. తిత్తి మాత్రం నిండుగా ఉంది.

"మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని తూనీగ అడిగింది.

నాకు మోకాలి నొప్పి లేదు. "సరే" అన్నాను. తర్వాత అర్థమైంది, అది అడిగింది సుగుణ మోకాలి గురించి. ఆమె ఆడుతున్నంతసేపూ దానితో కబుర్లు చెప్పి ఉంటుంది. ఆమె ఎవరితోనైనా చెబుతుంది. ఇన్నేళ్లుగా రోజుకు రెండుసార్లు పంపు గది గుమ్మంలో కలుస్తున్నాం, ఆమెకు మోకాలి నొప్పి ఉందని నాకు తెలియదు.

కొండ దాటి కిందికి దిగుతుంటే తూనీగ గాల్లో ఆగింది. "మూడో పంపు గారూ, వాన వస్తోంది."

మొదటి భాగమంతా దుమ్మే. ఇందులో వాన పెట్టారు.

చప్పుడు వినగానే నేను కుర్చీలోంచి లేచాను. నీళ్ల చప్పుడు వినిపిస్తే ఎక్కడ కారుతోందో వెతకడం నా పని. గోడ వెంబడి పైపు తడిమాను. పొడిగా ఉంది. వెనక బల్ల దగ్గర టీ తాగుతున్న రాజేశం సారు కదలకుండానే అన్నాడు.

"కూసో ఓదెలూ. అది వాన. పొద్దటి సంది ఇది పన్నెండోది. పోశవ్వయితే బకెట్ పట్టుకోని ఉరికొచ్చింది."

క్యాంటీన్ కిటికీలోంచి పోశవ్వ గొంతు వినిపించింది. "నువ్వు స్టూలెక్కి పైన చెయ్యి పెట్టి చూసినవు, అది చెప్పవేంది సారూ."

కూర్చున్నాను. మా వాడు రాళ్ల మధ్య నిలబడి తడుస్తున్నాడు. ఈటె కొన నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎర్ర శాలువా నల్లబడింది. దాని కింద మట్టి మెత్తబడి, అడుగు వేస్తే గుంట పడి, ఆ గుంటలోకి నీళ్లు చేరడం చూస్తూ కూర్చున్నాను. నాకు కేటాయించిన సమయమంతా అక్కడే అయిపోయింది. యుద్ధాలేమీ చేయలేదు.

"మీరు ఇవాళ ఆగారు," అంది తూనీగ. "పొద్దున వాన వస్తే పరుగెత్తారు."

హాల్లో మూల పడి ఉన్న స్టూలు ఒకటి దుమ్ము దులిపి పక్కన పెట్టుకున్నాను.

బుధవారం

పంపు మామూలు. స్టూలు పంపు గదికి తెచ్చి గేజీల పలక కింద పెట్టాను. గేజీలు చూడాలంటే ఇంతకాలం నిలబడాల్సి వచ్చేది.

షిఫ్టు మారేటప్పుడు సుగుణ వచ్చి హెల్మెట్ తీయకుండానే అడిగింది.

"అన్నా, శాలువ చూసినవా? ఎట్లుంది?"

"డాలు అమ్మినవు."

"డాలు ఎందుకన్నా? ఉరికితె అయిపాయె. శాలువ ఎట్లుందో చెప్పు."

"మంచిగున్నది."

"రెండు మాటలు. ఇయ్యాల పండుగే." స్టూలు చూసి ఆగింది. "ఇదేంది?"

"ఉండనీ."

"నీ నోట్లెకెళ్లి మాట రావాల్నంటె పంపుకు పోసినట్టు ముందుగాల నీళ్లు పొయ్యాలె గావచ్చు," అని నవ్వి, కూర్చుంది. ఛార్జి చెప్పాను. ఆమె చూసుకుంట అన్నది. వచ్చేశాను.

ఆట గురించి నాలుగు మాటలు. ఊళ్లు పెద్దవి. వాటిలో మనుషులు మన కోసం నిలబడి ఉండరు, వాళ్ల పనుల్లో ఉంటారు. కమ్మరి కొలిమి ఆర్పేసి భోజనానికి వెళ్తే మనం కూర్చోవలసిందే. నేర్పులు ఎంచుకోవడం మొదటి భాగం కంటే చిక్కు, పెంచుకున్నది తగ్గించుకోలేం. సంచిలో సామాను మరీ ఎక్కువ. ఒకే రకం ఎముకలు పన్నెండు పేర్లతో ఉన్నాయి, ఏది దేనికో ఇంకా తెలియదు. ఇసుక మొసళ్లు తెలివి మీరాయి, ఒకటి ఎదుట కనిపిస్తే రెండోది వెనక ఉందని అర్థం.

తూనీగ అడిగింది. "ఓదెలన్న ఎవరండీ?"

ఈటె చేతిలోనే ఆగింది.

"రోజూ ఆయన గురించి చెబుతారు కదా. కొంచెం మొండి, కానీ మంచివాడు అన్నారు. ఆయన కూడా ఈ దారినే వస్తారా?"

ఆయన నేనే అని చెప్పాలి. అంత మాట్లాడి, తర్వాత దానికి ఇంకా ఏం చెప్పాల్సి వస్తుందో అనిపించింది. "సరే" అన్నాను.

తూనీగ ఎప్పుడూ భుజానికి దగ్గరగా ఎగిరేది, కాస్త ఎత్తుకు వెళ్లింది.

గురువారం

పంపు మామూలు. బేరింగు నిన్నటి కంటే వేడి. రాజేశం సారుకు చెప్పాను. మార్చాలన్నాడు.

భోజనం దగ్గర అందరూ ఒకటే మాట. క్రషర్ పోస్టు వాళ్ల తూనీగ వెళ్లిపోయింది. ఆ పోస్టులో బావా బామ్మర్దులు ఇద్దరు. మూడో సీమ చివర పెద్ద నది, దాని మీద వంతెన ఉందట. వాళ్ల వీరుడు వంతెన ఎక్కగానే తూనీగ "మీరెవరో నాకు తెలియడం లేదు" అని చెప్పి పొగమంచులోకి ఎగిరిపోయిందట. అవతల దారి చూపేది లేదు, మాట్లాడేది లేదు. ఇప్పుడు వాళ్లు చీకట్లో గోడలు తడుముతూ ఆడుతున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

"మల్ల మొదటి నుంచి ఆడరాదా?" అని ఎవరో అన్నారు.

"మొదలువెట్టాల్నంటె భూమి నుంచి కొత్త తాళం రావాలె," అన్నాడు రాజేశం సారు. "లైను సంగతి తెల్సు గద. అప్పటికి నాకు రిటైర్మెంటు వస్తది."

పోశవ్వ గరిటె పట్టుకుని నవ్వింది. క్యాంటీన్ పోస్టులో ఆమె ఒక్కతే. "నా తూనీగ నాకు పాటలు పాడుతది. నిన్న ఏడుస్తుంటె ఎందుకేడుస్తున్నవని అడిగింది. ఉల్లిగడ్డలు కోస్తున్ననే అని చెప్పిన."

అప్పుడు తెలిసింది అందరికీ. ఇది ఒక మనిషి కోసం చేసిన ఆట. చెయ్యి ఎలా కదులుతుందో, గొంతు ఎలా ఉంటుందో తూనీగ నేర్చుకుంటుంది. మేం షిఫ్టుల లెక్కన ఆడుతున్నాం. ఇలా ఆడే మనుషులు ఉంటారని ఆట తయారు చేసినవాళ్లు అనుకొని ఉండరు.

నేను వెళ్లి పెట్టె తెరిచేసరికి తెర మీద రాసి ఉంది: ఈ ప్రయాణంలో ఇద్దరి చేతులు కనిపిస్తున్నాయి. ఒకరిని ఎంచుకుంటే తూనీగ కుదుటపడుతుంది. రెండోవారు పక్కన కూర్చుని చూడవచ్చు. వంతెన లోపు నిర్ణయించండి.

కింద రెండు మీటలు. ఎంచుకుంటాను. తరువాత.

తరువాత నొక్కాను. తూనీగ ఇవాళ బాగా ఎత్తున ఎగిరింది. దారి అడిగితే చూపింది. అంతకు మించి ఏమీ మాట్లాడలేదు.

పక్కన కూర్చుని చూడడం మాకు కుదరదు. ఒకరు పంపు దగ్గర ఉంటేనే రెండోవాళ్లు హాల్లో ఉంటారు.

శుక్రవారం

పంపు మామూలు. సోమవారం బేరింగు మారుస్తారు.

పొద్దున పోస్టు ఎక్కేటప్పుడు సుగుణ ఛార్జి చెప్పింది. చెప్పాక కూడా గుమ్మంలోనే నిలబడింది.

"అన్నా, నీకు కూడా వచ్చిందా, ఎవలనో ఒకల్ని ఎంచుకోమని?"

"వచ్చింది."

"నువ్వు పెట్టుకో. నాకు ఓపిక లేదు, ఉత్తగ ఉరుకుత. నువ్వయితె సక్కగ ఆడ్తవు."

నేను అదే మాట ఆమెకు చెప్పాలని రాత్రంతా అనుకున్నాను. ఆమె ఆడితే తూనీగకు మాట్లాడడానికి మనిషి ఉంటుంది. ఆ మాట కూడబలుక్కునేలోపు ఆమె హెల్మెట్ బిగించుకుంది.

"చూద్దాం," అన్నాను.

"చూద్దాం," అని ఆమె కూడా అంది. ఈసారి నవ్వలేదు.

ఆమె ఎంచుకోలేదు. నేను వెళ్లి చూసేసరికి ఆ రెండు మీటలూ అలాగే ఉన్నాయి. తిత్తి నిండుగా ఉంది. మళ్లీ తరువాత నొక్కాను. ఇది రాస్తే చిన్న విషయంలా ఉంది. మొదటి భాగం ఆరేళ్లు ఆడాం. ఆమె ఏ రోజు అలిసిపోయిందో, ఏ రోజు ఎవరి మీద కోపంగా ఉందో, వీరుణ్ని వదిలి వెళ్లిన తీరును బట్టి నాకు తెలిసేది. కోపంగా ఉన్న రోజు మొసలి తోళ్లు ఎక్కువ ఉండేవి. అది పోతే మా మధ్య మిగిలేది గుమ్మంలో మూడు మాటలే.

శనివారం

పంపు మామూలు.

ఒక ఉపాయం తోచింది. తూనీగకు ఇద్దరు కనిపిస్తున్నారు కాబట్టి ఒక్కరిలా కనిపిస్తే సరిపోతుంది. సుగుణలా ఆడతాను. ఆమెకు చెప్పాల్సిన పని కూడా లేదు.

పరుగెత్తాను. కమ్మరి కోసం ఆగలేదు. మొసలి కనిపిస్తే డాలు లేకుండా మీద పడ్డాను, వెనక ఉన్న రెండోది కరిచింది. లేచి మళ్లీ పరుగెత్తాను. దారిలో ఒక దుకాణంలో నీలి రంగు తలపాగా కొన్నాను, ఎందుకో తెలియదు, ఆమె అయితే కొనేది అనిపించింది. తూనీగతో మాట్లాడడానికి కూడా ప్రయత్నించాను.

"క్యాంటీన్‌లో ఇయ్యాల పప్పు," అన్నాను.

"అవునా," అంది తూనీగ.

తర్వాత ఇద్దరికీ ఏమీ తోచలేదు.

వాన వచ్చింది. ఆగాలనిపించింది. ఆగకుండా పరుగెత్తాను.

ఆదివారం

పంపు మామూలు. బేరింగు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. వేగం తగ్గించి నడిపాను.

పెట్టె తెరిస్తే మా వాడు ఒక గుహలో కూర్చుని ఉన్నాడు. నీలి తలపాగా తీసి మడత పెట్టి ఉంది. సంచిలో మూడు డాళ్లు. నీళ్ల తిత్తులు నాలుగు. పన్నెండు రకాల ఎముకలూ వరుసగా సర్ది ఉన్నాయి. నిన్నటి నుంచి ఒక్క యుద్ధం జరగలేదు. ఒక్క మొసలి చావలేదు.

చాలాసేపు చూసి గాని నాకు అర్థం కాలేదు. సుగుణ నాలా ఆడింది.

తూనీగ గుహ బయట, అందనంత ఎత్తున ఉంది.

"మొన్నటిదాకా ఒకరు నిదానం, ఒకరు తొందర అనుకున్నాను," అంది. "ఇవాళ తొందర మనిషి నిదానించారు. నిన్న నిదానం మనిషి పరుగెత్తారు. పొద్దున ఎంతసేపు కబుర్లు అడిగినా 'సరే' తప్ప జవాబు లేదు. నాకిప్పుడు ఎవరూ తెలియడం లేదు, మూడో పంపు గారూ."

ఒక్కడినే కూర్చుని నవ్వాను. సుగుణ రోజంతా నోరు మూసుకుని 'సరే' అంటూ కూర్చోవడం ఊహకు వచ్చింది. ఆమెకు అది ఎంత కష్టమో బాయిలో ఎవరినడిగినా చెబుతారు.

కానీ గుహ నుంచి బయటికి రాగానే నది కనిపించింది. వంతెన ఎదురుగా ఉంది. ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండా అక్కడే ఒక చూరు కింద నిలబెట్టి పెట్టె ఆపేశాను.

సోమవారం

పంపు ఆపాం. బేరింగు మార్చాం.

పంపు ఆపితే రెండు షిఫ్టుల వాళ్లూ ఉండాలని రూలు. ఒకరు వాల్వు పట్టుకోవాలి, ఒకరు పంపు. ఫిట్టరు కింద పడుకుని పాత బేరింగు లాగుతుంటే సుగుణ వాల్వు దగ్గర నిలబడి గొణుగుతూనే ఉంది.

"మూడు డాళ్లు కొన్న. చూసినవా?"

"చూసిన."

"నీ లెక్క ఆడుడు నా తోని కాదన్నా. సరే, సరే, సరే. నా నోరు గుంజింది."

"నేను తలపాగ కొన్న."

"చూసిన. థూ, అదేం రంగు." తర్వాత ఆమె నవ్విన నవ్వుకు ఫిట్టరు పంపు కింద నుంచి తల బయట పెట్టి చూశాడు.

పంపు మళ్లీ నడిపాక దాన్ని కాసేపు కనిపెట్టి చూడాలి, అది ఫిట్టరు పని. మమ్మల్ని ఇద్దరినీ వెళ్లమన్నాడు. నేను సీసా నింపాను. సుగుణ కర్రతో పైకప్పు తట్టింది. గుమ్మంలో ఇద్దరం ఒకేసారి అన్నాం.

"నీళ్లు నింపినం. పైకప్పు చూసినం. ఇగ నువ్వు కూసో."

"చూసుకుంట, పైలంగ పోండ్రి," అన్నాడు ఫిట్టరు.

హాలుకు నడుస్తుంటే ఆ మాటలు నన్ను వదల్లేదు. ఫిట్టరు కూర్చునేది ఒక్క గంట. అయినా చెప్పకుండా రాలేకపోయాం. తూనీగ ఆరేళ్లుగా మాతో ఉంది. తిత్తి నింపాం, చూరు కింద నిలబెట్టాం. ఎవరు దిగుతున్నారో, ఎవరు ఎక్కుతున్నారో దానికి ఒక్క రోజు కూడా చెప్పలేదు. మూగదిగా ఉన్నప్పటి అలవాటు. నోరు వచ్చాక కూడా మేం అలాగే వదిలి పోయాం.

ఇన్నేళ్లలో పెట్టె ముందు ఇద్దరం కలిసి కూర్చోవడం ఇదే మొదలు. రెండో కుర్చీ లేదు. పోశవ్వ క్యాంటీన్‌లోంచి నూనె డబ్బా బోర్లించి తెచ్చి ఇచ్చింది. సుగుణకు మోకాలి నొప్పి కాబట్టి కుర్చీ ఆమెకిచ్చి డబ్బా మీద నేను కూర్చున్నాను.

రెండు మీటలూ మళ్లీ వచ్చాయి. ఇద్దరం వాటిని చూశాం. ఎవరమూ నొక్కలేదు. కంట్రోలరు సగం నేనూ సగం ఆమె పట్టుకుని మా వాడిని వంతెన దాకా నడిపించాం. వంకరగా నడిచాడు.

తూనీగ వంతెన స్తంభం మీద వాలి ఉంది.

"దాటితే వెనక్కి రాలేము," అంది. "అందుకే అడుగుతున్నాను. మీరెవరు?"

సుగుణ మోచేత్తో నన్ను పొడిచింది. "చెప్పన్నా. నేను చెప్తె రోజంతా చెప్త. నువ్వు చెప్పు."

హాల్లో నలుగురైదుగురు చూస్తున్నారు. రాజేశం సారు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఓదెలన్న ఎవరని అడిగినవు గద," అన్నాను. "అది నేనే. వాన పడితె ఆగేటోణ్ణి నేను. ఉరికేది సుగుణ. మోకాలి నొప్పి ఆమెకే. మేం ఇద్దరం ఒకటే పోస్టు. నేను దిగితె ఆమె ఎక్కుతది, ఆమె దిగితె నేను ఎక్కుత. మా దగ్గర దిగేటప్పుడు చెప్పి దిగుతరు. నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్న." ఊపిరి తీసుకున్నాను. "నీళ్లు నింపిన. పైకప్పు చూసిన. ఇగ సుగుణ కూసుంటది."

"చూసుకుంట," అంది సుగుణ. ఆమె గొంతు మెల్లగా వచ్చింది. "నువ్వు పైలంగ పో అన్నా."

అలా చెప్పి కంట్రోలరు మొత్తం ఆమె చేతిలో పెట్టాను.

వాన మొదలైంది. తూనీగ రెక్కలు విప్పింది. దాని రెక్కల చప్పుడు, కింద నది చప్పుడు. తర్వాత స్తంభం మీద నుంచి లేచి వానలోకి ఎగిరింది. అవతలి ఒడ్డు వైపు వెళ్లిందో, ఏటి వాలున వెళ్లిందో కనిపించలేదు. సుగుణ ఒక్క అడుగు వంతెన మీద వేసింది. అంతలో పంపు గది నుంచి పిలుపు వచ్చింది. బేరింగు చల్లగా ఉంది, వచ్చి పోస్టు తీసుకోమని. రెండో షిఫ్టు మొదలైంది. పంపు మళ్లీ నడుస్తోంది కాబట్టి సుగుణ ఉండక తప్పదు.

"నువ్వు ఆడు," అంది లేస్తూ.

"వద్దు. నీకు ఛార్జి ఇచ్చిన," అన్నాను. "రేపు పొద్దున నువ్వే చూడు."

ఆమె కాసేపు నన్ను చూసి, కుంటుకుంటూ వెళ్లింది. పెట్టె ఆపేశాను.

మంగళవారం

పంపు మామూలు. ఒత్తిడి మామూలు. బేరింగు చల్లగా ఉంది.

పొద్దున పోస్టు ఎక్కేటప్పుడు ఆమెను అడగడానికి ఏమీ లేదు, ఆమె ఇంకా ఆడలేదు. షిఫ్టు దిగేటప్పుడు ఆమె హెల్మెట్ అద్దం వెనక ముఖం చూశాను. ఏమీ తెలియలేదు. ఆమె నన్ను కావాలనే ఏడిపిస్తోందని తర్వాత అర్థమైంది.

"ఏమైంది?" అన్నాను.

"సరే," అంది.

అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. హాలుకు ఎప్పటి కంటే తొందరగా నడిచాను.

మా వాడు వంతెన అవతల ఉన్నాడు. తాటాకు చూరు కింద, ఎర్ర శాలువాతో, వీపున డాలుతో. ఒకటే డాలు. తిత్తి నిండుగా ఉంది. తూనీగ అతని భుజం మీద వాలి ఉంది. నేను కంట్రోలరు ఇంకా ముట్టుకోలేదు, చెయ్యి చాపాను అంతే. అది నా వైపు తిరిగింది.

"సుగుణ దిగింది," అంది. "నీళ్లు నింపిన. పైకప్పు చూసిన. ఇగ నువ్వు కూసో, ఓదెలన్నా."

మా బాయిలో అనే లాగే అన్నది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది కూడా.

"చూసుకుంట," అన్నాను.

"మోకాలు ఇయ్యాల కొంచెం నయమట. తలపాగ అమ్మేసింది, ఏమనుకోవద్దన్నది."

సరే అనబోయాను. ఆగి, అడిగాను.

"వాన వస్తదా ఇయ్యాల?"

తూనీగ తల పైకెత్తి ఆకాశం చూసింది. అదిగో, కొండ వెనక నల్లబడుతోంది అంది. కొత్త ఊళ్లో పని ఉంది, ఇసుక మొసళ్లు ఉన్నాయి, వంతెన అవతల చూడని సీమ అంతా ఉంది. అవి సుగుణ కూడా చూసుకోగలదు. నేనూ తూనీగా చూరు కింద ఇంకాస్త లోపలికి జరిగి కూర్చున్నాం.